అమ్మ బెయిలు వద్దంది

సెప్టెంబరు 9, మంగళవారం

అమ్మ జైల్లో ఉంది.

ఈ మాట రాసి, లేచి కాఫీ కలుపుకుని వచ్చి మళ్ళీ చూశాను. అలాగే ఉంది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. జీవితంలో ఒక్కసారి కూడా ఎర్ర దీపం దాటి కారు నడపలేదు.

డయాలిసిస్ రోగుల్ని ఆస్పత్రి దగ్గర దింపి వ్యాను తిప్పుతుంటే ఫోను మోగింది. రికార్డు చేసిన గొంతు. "కౌంటీ జైలు నుంచి మీకు ఫోను. చేసినవారి పేరు..." అని ఆగింది. అక్కడ పేరు చెప్పమంటారు కాబోలు. అమ్మ పేరు చెప్పలేదు. "తొందరగా ఒకటి నొక్కవే నీటా!" అంది.

నొక్కాను.

"ఏం చేశావమ్మా?"

"నేనేం చెయ్యలేదు. పెట్టె చేసింది."

పిన్ని పెట్టె. వెర్నెల్ పిన్ని పొద్దున్న పలహారం దగ్గర చెప్పిందట, చర్చి పెద్ద డీకన్ మింటర్ తనని పెళ్ళి చేసుకుంటానన్నాడని, తను సరేనన్నదని, సవానా వెళ్ళి ఆయన ఇల్లు చూసొస్తానని. పెట్టె సర్దుకుని అరుగు దిగబోతుంటే అమ్మ వెనకనుంచి ఆ పెట్టె లాక్కుని మెట్ల మీదికి విసిరింది. పెట్టె పిన్ని మోకాళ్ళకి తగిలింది. పిన్ని పడింది. మణికట్టు ఎముక చిట్లింది. ఎదురింటివాళ్ళు షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేశారు.

డిప్యూటీ వచ్చి "ఎవరు చేశారిది?" అని అడిగితే నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా! "నేనే విసిరాను, ఇంకోసారైనా విసురుతాను" అందట. ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళు కాబట్టి కుటుంబ హింస కింద కేసు రాసి సంకెళ్ళు వేశారు.

ఆస్పత్రికి వెళ్తే పిన్ని కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"నేను కాలు జారి పడ్డానని చెప్పానే. ఆ డిప్యూటీ పిల్లాడు రాసుకోనే లేదు. మీ అమ్మ గొంతు ముందు నా గొంతు ఎక్కడ వినపడుతుంది?"

రేపు జడ్జి ముందు పెడతారట. రేపు తెల్లారేసరికి ఇదంతా సర్దుకుంటుంది.

సెప్టెంబరు 10

సర్దుకోలేదు.

కోర్టు గదిలో గోడకి టీవీ. దాన్లో అమ్మ. జైలు నుంచే చూపిస్తారు, ఇక్కడికి తీసుకురారు. ఆ నారింజ రంగు జైలు చొక్కా అమ్మకి బొత్తిగా నప్పదు. ఆ సంగతి అమ్మకీ తెలిసినట్టుంది, కాలరు లోపలికి మడుచుకుంది.

జడ్జిగారు పెద్దాయన, మర్యాదగానే మాట్లాడాడు. "మిసెస్ మోబ్లీ, బెయిలు మూడు వేల డాలర్లు. మీరు బయటికొచ్చాక మీ చెల్లెలితో మాట్లాడకూడదు. ఆవిడ ఉన్న చోటికి వెళ్ళకూడదు. ఎవరిచేతా కబురు పంపకూడదు. దీనికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి."

"అది మా ఇంట్లోనే ఉంటుంది బాబూ."

"అందుకే ఆ ఇంటికి వెళ్ళకూడదంటున్నాను."

"మా నాన్న మా ఇద్దరికీ కలిపి రాసిచ్చిన ఇల్లది."

"ఇల్లు మీది కాదనడం లేదు. కేసు తేలేదాకా వెళ్ళద్దంటున్నాను. ఉండటానికి వేరే చోటేమైనా ఉందా?"

నేను చెయ్యి ఎత్తబోయాను. ఈలోపే అమ్మ "లేదు" అంది.

"అయితే సంతకం..."

"పెట్టను."

జడ్జిగారు కళ్ళజోడు తీసి టీవీ వంక చూశాడు. ఆయన కూడా ఇంట్లో ఇలాంటి అక్కగారితో వేగుతున్నవాడిలా అనిపించాడు. తర్వాతి కేసు పిలిచారు.

నా ఇల్లు చిన్నది. ఒకే పడగ్గది. అంతే సంగతి.

సెప్టెంబరు 11

పొద్దున్నంతా సెలవు పెట్టి తిరిగాను. మా ఆఫీసరు గొణిగాడు. రోగుల్ని వేరే వ్యానులో సర్దారు.

కోర్టు ఎదురుగా కోడి రెక్కలు వేయించే కొట్టు, దాని పక్కన బెయిలు పూచీ ఇచ్చే ఆఫీసు. టూటెన్ అనే ఆయనది. ప్యాంటుకి భుజాల మీదుగా పట్టీలు, పెద్ద పొట్ట, ముందు ఒక గిన్నె నిండా ఉడకబెట్టిన వేరుశనక్కాయలు.

"లోపల ఎవరమ్మా? కొడుకా, మొగుడా?"

"మా అమ్మ."

కాయ ఒలవడం ఆపి గిన్నె నావైపు జరిపాడు.

"చూడమ్మాయీ. మొత్తం సొమ్ము జైలు కిటికీలో కట్టేశావనుకో, మీ అమ్మ ప్రతి వాయిదాకీ వచ్చి కేసు తేలిపోయాక నీ సొమ్ము నీకొస్తుంది. అంత చేతిలో లేనివాళ్ళు నా దగ్గరికొస్తారు. నూటికి పదిహేను నాకిస్తే మిగతాదానికి నేను హామీ ఉంటాను. ఆ పదిహేనూ మాత్రం తిరిగి రాదు. రేపే కేసు కొట్టేసినా రాదు, మీ అమ్మని పూలదండ వేసి ఊరేగించినా రాదు. అది నా కూలి."

"అమ్మ వాయిదాకి రాకపోతే?"

"వెతుక్కుంటూ వెళ్తాను. దొరక్కపోతే, నువ్వు నా దగ్గర సంతకం పెట్టి ఉంటావు కాబట్టి మొత్తం నీ మెడకి చుట్టుకుంటుంది."

"మా అమ్మ ఎక్కడికీ పారిపోదండీ. ఇల్లు వదలను, వదలను అనేకదా ఈ గొడవంతా."

సంతకం సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు.

"ఇన్నేళ్ళలో తలుపు ఎప్పుడు తీస్తారా అని ఏడ్చేవాళ్ళనే చూశాను. తలుపు తీస్తే రాననేవాళ్ళని చూళ్ళేదు. డబ్బు కట్టు, నన్ను పెట్టుకో, ఏం చేసినా సరే, ఆ షరతు మీద ఆవిడ సంతకం పడాల్సిందే. నేను వెళ్ళి ఎత్తుకు రాలేను కదా."

నేను లేస్తుంటే వెనక్కి పిలిచాడు. "నాకు పైసా లాభం లేని మాట ఒకటి చెప్తా విను. ఇల్లున్నవాళ్ళు ఇంటిని చూపించి విడిపించుకోవచ్చు, షెరీఫ్ ఆఫీసులో. ఇంకోటి, జడ్జికి నమ్మకం కుదిరితే సొంత పూచీకత్తు మీద వదిలేస్తాడు. సొమ్మూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. వాయిదాకి వస్తానని మాటిస్తే చాలు. లాయరుని అడగమను."

గుప్పెడు కాయలు చేతిలో పెట్టాడు. వ్యాన్లో కూర్చుని తింటూ ఏడ్చాను. ఉప్పు ఎక్కువైంది.

సెప్టెంబరు 12

అమ్మ ఫోను. మొక్కజొన్న జావ నీళ్ళలా ఉందట. పక్క మంచం పిల్ల చాలా మంచిదట, ఆ పిల్లకి జడ వేస్తోందట.

"అమ్మా, సంతకం పెట్టు."

"వెర్నెల్ ఎలా ఉంది?"

"అది అడక్కూడదు, నేను చెప్పకూడదు."

"చెయ్యి నొప్పిగా ఉందా దానికి?"

"చెప్పకూడదమ్మా!"

"నువ్వు చెప్పకు. నేను అడుగుతానంతే."

పెట్టేశాను.

సెప్టెంబరు 13

పిన్ని ఊరుకోలేదు. ఇంటి దస్తావేజు, పన్ను రసీదు పట్టుకుని షెరీఫ్ ఆఫీసుకి పద అంది. సరే, అమ్మ సంతకం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇల్లు చూపిద్దామని వెళ్ళాం.

అద్దం వెనక గుమాస్తా కాగితాలు తిప్పాడు.

"దీనిమీద రెండు పేర్లున్నాయి. పేరున్నవాళ్ళంతా ఇక్కడికొచ్చి, నా కళ్ళముందు సంతకం పెట్టాలి."

"నేను వచ్చానుగా" అంది పిన్ని. ఆ చేతికి కట్టు, ఈ చేత్తో కలం.

"రెండో ఆవిడ?"

"ఎర్లీన్ మోబ్లీ."

"ఆవిణ్ణి తీసుకురండి."

"ఆవిడ మీ లోపలే ఉంది నాయనా. ఆవిడ కోసమేగా వచ్చింది!"

గుమాస్తా ఆలోచించాడు. "అయితే బయటికొచ్చాక రమ్మనండి" అన్నాడు.

నేను కిటికీ గట్టు మీద తల ఆనించుకున్నాను.

అతను ఇంకో కాగితం చూశాడు. పిన్ని పేరు చూశాడు. చేతికట్టు చూశాడు. "అమ్మా, దెబ్బ తగిలినావిడ మీరే కదూ? మరి మీరిద్దరూ ఒకచోట నిలబడటానికే వీల్లేదుగా."

వచ్చేటప్పుడు పిన్ని కార్లో అంది, "దెబ్బ తిన్నదాన్ని నేను. నాకు కోపం లేదు. మిగతావాళ్ళందరికీ ఎందుకే అంత కోపం?"

 నాకైతే కోపం బోలెడంత ఉంది.

సెప్టెంబరు 14, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. అందరూ అడుగుతారు.

సెప్టెంబరు 15

కోర్టువాళ్ళు అమ్మకి ఇచ్చిన లాయరు మిస్ ఓడమ్‌ని కలిశాను. చేతినిండా ఫైళ్ళు, జోళ్ళు పక్కన విడిచేసి కూర్చుంది. మనిషి ఓపిగ్గానే విన్నది.

"మీ పిన్నిగారు వచ్చి అడిగితే జడ్జి షరతు సడలించవచ్చు. కలిసి ఉండచ్చు, చెయ్యి చేసుకోకూడదు అని మారుస్తారు. ఇలాంటి కేసుల్లో అడుగుతూనే ఉంటాం. వచ్చే సోమవారం వేయిస్తాను. అప్పుడు సొంత పూచీకత్తు మీద వదలమని కూడా అడుగుతాను. ఈలోపు మీరు మీ ఇంట్లో ఉంచుకుంటానంటే ఇవాళే ప్రయత్నించవచ్చు."

"అమ్మ ఒప్పుకోదండీ" అన్నాను.

"అడిగారా?"

అడిగినట్టే. అమ్మ సంగతి నాకు తెలియదా? మొన్న కోర్టులో చెయ్యి కూడా ఎత్తాను, అదీ చెప్పాను లాయరుకి.

సెప్టెంబరు 16

అమ్మ పడిపోయింది.

పలహారం వరసలో నిలబడి కళ్ళు తిరిగి కింద పడిందట. బీపీ మాత్రలు. ఇంట్లో వేసుకునేది రెండు రకాలు, అక్కడ ఇస్తున్నది ఒకటే. నర్సు ఫోను చేసి మందుల పేర్లు అడిగింది. పేర్లు చెప్పాను.  డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, చూపించి, మళ్ళీ లోపలికే తీసుకెళ్ళారు.

తలకి తగల్లేదట. తగల్లేదట. రెండుసార్లు అడిగాను.

తిన్నగా టూటెన్ దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో ఉన్నదంతా తెచ్చాను, సంతకం పెడతాను, ఇప్పుడే విడిపించండి అన్నాను. ఆయన నా చేతిలోది తీసుకోలేదు.

"ముందు ఆవిడచేత ఊఁ అనిపించుకురా అమ్మాయీ. నీ దగ్గర తీసుకుని ఆవిడ రాకపోతే నాకు నిద్ర పట్టదు."

రేపు వెళ్తాను.

సెప్టెంబరు 17

జైలు వరండాలో టీవీ తెరలు పెట్టారు. ఫోను చెవికి పెట్టుకుని తెరలో మనిషితో మాట్లాడాలి. అమ్మ నుదుటి మీద చిన్న వాపు. తగల్లేదన్నారు, అబద్ధం.

"అమ్మా, మా ఇంటికి రా. మంచం నువ్వు తీసుకో, నేను సోఫాలో పడుకుంటాను. సంతకం పెట్టు చాలు."

"ఇప్పుడంటున్నావు."

"ఆవేళ కోర్టులో చెయ్యెత్తబోయాను, నువ్వే లేదన్నావు."

"నీ చెయ్యి ఒళ్ళోనే ఉంది నీటా. నేను చూశాను."

ఆ తెరలో ఏం కనిపిస్తుంది, చుక్కలు చుక్కలుగా తప్ప.

"సరే, అది వదిలెయ్. ఇప్పుడు రమ్మంటున్నా కదా. నీ తల చూసుకున్నావా? చచ్చిపోతావు ఇందులో. దేనికి? ఒక సంతకం కోసం?"

అమ్మ చుట్టూ చూసి దగ్గరికి జరిగింది. తెర నిండా ముక్కు.

"నేను బయటికొచ్చి నీ ఇంట్లో కూర్చున్నాననుకో. వెర్నెల్ ఏం చేస్తుంది? అమ్మయ్య అక్క బాగానే ఉంది అనుకుంటుంది. పెట్టె సర్దుకుని ఆ ముసలాడితో సవానా పోతుంది. ఆపడానికి నేను గుమ్మంలోకి కూడా వెళ్ళకూడదు. అవునా? అదే నేను ఇక్కడ ఉంటే? అక్క జైల్లో ఉండగా తెల్లగౌను వేసుకుని పెళ్ళిపీట ఎక్కుతుందా అది? దానికంత గుండె లేదు. నాకు తెలుసు దాన్ని."

 జడ్జి, లాయరు, టూటెన్, ఆ గుమాస్తా, నేను... ఇంతమందిమి తలుపు తీయడానికి తంటాలు పడుతుంటే, ఈవిడ లోపలినుంచి గడియ పెట్టుకుంది.

"అమ్మా, అది పిన్నిని జైల్లో పెట్టడం."

"నాన్న పోయాక మా ఇద్దరికీ ఎవరున్నారే? మీ నాన్న పోయాక నాకెవరున్నారు? నువ్వు ఆదివారం వస్తావు, అరగంట ఉంటావు, గడియారం చూస్తావు."

తెర ఆరిపోయింది. వేళ అయిపోయిందట.

గడియారం చూస్తానా?

సెప్టెంబరు 18

పిన్నికి చెప్పేశాను. అమ్మ చెప్పమనలేదు కాబట్టి అది కబురు కాదు. నేను మోసింది కబురు కాదు, నా విసుగు. విసుగు చేరవేయకూడదని జడ్జిగారు అనలేదు.

పిన్ని ముందు నవ్వింది. ఎంత నవ్విందంటే కట్టు ఉన్న చెయ్యి నొప్పెట్టి పట్టుకుంది. తర్వాత గిన్నెలు కడగటానికి లేచింది, ఒంటి చేత్తో. నేను కడుగుతానంటే వద్దంది.

"చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే నా మంచం పక్కన నేల మీద పడుకుంది మీ అమ్మ. లేపితే లేచేది కాదు. మా అమ్మ తిట్టినా లేచేది కాదు. నాకు తగ్గింది, బడికి పోతున్నాను, అయినా ఇంకా అక్కడే పడుకునేది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నేను మంచం మార్చుకున్నాను."

 సోమవారం కోర్టుకి వస్తావుగా, షరతు తీసేయమని చెప్తావుగా అని అడిగాను. వస్తానంది.

సెప్టెంబరు 20

ఏమీ జరగలేదు. హాయిగా ఉంది. గదిలో సామాను అటూ ఇటూ జరిపి చూశాను. పెద్ద ఇల్లేం కాదుగానీ, ఇద్దరు పడతారు.

సెప్టెంబరు 22, సోమవారం

వరసగా రాయాలి, లేకపోతే నేనే నమ్మను.

అదే గది, అదే టీవీ, టీవీలో అమ్మ. పిన్ని నీలం రంగు గౌను వేసుకొచ్చింది. టీవీలోంచి అమ్మకి పిన్ని కనిపించినట్టుంది, కూర్చున్నదల్లా లేచి నిలబడింది. గార్డు కూర్చోబెట్టాడు.

మిస్ ఓడమ్ చెప్పాల్సింది చెప్పింది. ఇంతకుముందు ఒక్క కేసూ లేదు, ఒంట్లో బాగాలేదు, ఎక్కడికీ పారిపోయే మనిషి కాదు. జడ్జిగారు పిన్ని వైపు తిరిగాడు.

"మీకు దెబ్బ తగిలింది. షరతు సడలించమని మీరు అడుగుతున్నారా?"

"లేదండీ" అంది పిన్ని.

మిస్ ఓడమ్ తల తిప్పి నా వంక చూసింది. నేనేం చేయను? నాకేం తెలుసు?

"మా అక్కని సొంత పూచీకత్తు మీద వదిలేయండి. ఇవాళే వదిలేయండి. వాయిదాకి తప్పకుండా వస్తుంది, అన్నమాట తప్పే మనిషి కాదు. కానీ నన్ను కలవకూడదన్న షరతు అలాగే ఉంచండి, కేసు తేలేదాకా." పిన్ని కట్టున్న చెయ్యి రెండో చేత్తో పట్టుకుంది. "శనివారం నాకు పెళ్ళండీ. నేను సవానా వెళ్ళిపోతాను. అప్పుడు ఇంట్లో నేను ఉండను కాబట్టి మా అక్క తన ఇంటికి తను వెళ్ళొచ్చు. ఆ షరతు లేకపోతే నేను వెళ్ళలేనండీ. అక్క గుమ్మంలో నిలబడితే దాటి వెళ్ళే శక్తి నాకు లేదు."

 టీవీలో అమ్మ కదలకుండా కూర్చుంది. ఇంత పొడవు జీవితంలో పిన్ని అమ్మకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. అదీ జడ్జిగారి ద్వారా.

"మిసెస్ మోబ్లీ, శనివారం దాకా ఉండటానికి..." అని జడ్జిగారు మొదలుపెట్టేసరికి నేను నిలబడి ఉన్నాను.

"మా ఇంట్లోనండీ. నేను కూతుర్ని. ఎన్నాళ్ళయినా ఉంటుంది."

"మీ అమ్మగారు ఒప్పుకుంటారా?"

అందరూ టీవీ వంక చూశారు. అమ్మ కాలరు సవరించుకుంది.

"ఇంక లోపలుండి ఏం లాభం బాబూ" అంది. "ఎక్కడ పెట్టాలో చెప్పండి సంతకం."

సెప్టెంబరు 23

అమ్మ నా వంటింట్లో గరిటెలన్నీ వేరే డ్రాయరులోకి మార్చింది.

సెప్టెంబరు 24

తువ్వాళ్ళు కూడా.

సెప్టెంబరు 25

"దానికి చెప్పు, తెల్లగౌను వద్దని. దాని మొహం పసుపుపచ్చగా కనిపిస్తుంది."

"కబురు పంపకూడదమ్మా."

"కబురు కాదే, సలహా."

"అమ్మా, నిన్ను మళ్ళీ లోపలేస్తారు. నన్ను కూడా వేస్తారు."

"నిన్నెందుకు వేస్తారు? మోసేవాళ్ళని కూడా వేస్తారా?"

టూటెన్‌కి ఫోను చేసి అడిగాను. ఆయనకి మా వల్ల పైసా రాలేదు, అయినా ఎత్తాడు. వేయకపోవచ్చుగానీ మీ అమ్మ బెయిలు మాత్రం పోతుంది, గౌను సంగతి దేవుడికి వదిలెయ్యండి అన్నాడు.

సెప్టెంబరు 27, శనివారం

పెళ్ళికి వెళ్ళాను. వెళ్ళనా మాననా అని అడిగితే అమ్మ "నీ ఇష్టం" అంది. అమ్మ నోట ఆ మాట అంటే వెళ్ళమని.

డీకన్ మింటర్ సన్నగా, పొడుగ్గా, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు. పిన్ని గౌను లేత ఊదారంగు. బాగుంది. ఇది అమ్మకి చెప్పచ్చా చెప్పకూడదా? నేను చూసింది నేను చెప్పుకుంటే కబురు కాదనుకుంటాను.

పిన్ని నన్ను పక్కకి లాగి ఏదో చెప్పబోయి, ఆగి, నా బుగ్గ గిల్లింది. అది మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ కిటికీ దగ్గర కూర్చునుంది. ఏమీ అడగలేదు. నేనే "ఊదారంగు" అన్నాను. తలూపింది. కాసేపయ్యాక లేచి స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పింది. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి.

గడియారం చూడలేదు.

సెప్టెంబరు 29

అమ్మని తన ఇంట్లో దింపాను. పిన్ని గది తలుపు వేసి ఉంది. అమ్మ తీయలేదు. "నువ్వు వెళ్ళు, నీ రోగులు ఎదురుచూస్తుంటారు" అంది.

ఇంటికొచ్చి గరిటెలు పాత డ్రాయరులో పెట్టుకున్నాను. ఎంత ప్రశాంతంగా ఉందో. చెప్పలేనంత.

అక్టోబరు 8

అమ్మ ఇంటికి వెళ్ళాను. బుధవారం. ఊరికే, దారిలో ఉందని. దారిలో లేదు.

అక్టోబరు 21

వాయిదా. ఇంకో తేదీకి జరిపారు. వాయిదాకి రావడానికే వాయిదాలు వేస్తారు కాబోలు. అమ్మ అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది.

నవంబరు 18

అయిపోయింది.

కోపం తగ్గించుకునే తరగతులకి వెళ్తే కేసు కొట్టేస్తామని పోయిన వాయిదాలోనే చెప్పారు. అమ్మ వెళ్ళింది, తనకి కోపమే లేదని రెండో తరగతిలో టీచరుతో పోట్లాడింది, మొత్తానికి పూర్తి చేసింది. ఈరోజు జడ్జిగారు కేసు కొట్టేశాడు. షరతు కూడా ఎత్తేశాడు. "ఇక మీరిద్దరూ మాట్లాడుకోవచ్చు" అన్నాడు. పిన్ని సవానా నుంచి వచ్చింది దీనికోసం.

మాట్లాడుకోవచ్చని ఈ దేశపు న్యాయస్థానం చెప్పింది కదా! వరండాలో ఈ బెంచీ మీద ఒకరు, ఆ బెంచీ మీద ఒకరు. మధ్యలో నేను, చెత్తబుట్ట.

"నీటా" అంది పిన్ని. "మీ అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా అడుగు."

"వేసుకుంటున్నానని చెప్పు" అంది అమ్మ, గోడ వంక చూస్తూ.

"రెండూనా?"

"రెండూనని చెప్పు. సవానాలో అంతా బాగానే ఉందా అడుగు."

"బాగానే ఉంది, ఇల్లంతా మెట్లే అని చెప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అరిచాను, కోర్టులోనే. "రెండు నెలలు ఒక్క మాట అటు నుంచి ఇటు మోయకుండా పళ్ళబిగువున బతికాను! ఇప్పుడు మోయను. మీకు నోళ్ళున్నాయి. మీరే చెప్పుకోండి."

బయటికొచ్చి వ్యాన్లో కూర్చున్నాను. కోర్టు అద్దాల తలుపులోంచి కనిపిస్తున్నారు. చాలాసేపు ఇద్దరూ కదల్లేదు. తర్వాత అమ్మ బెంచీ మీద పక్కన పెట్టుకున్న చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతే. పిన్ని అది చూసి లేచి వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

ఇప్పటికి ఎంతసేపయిందో తెలియదు. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. ఇద్దరి చేతులూ గాల్లో ఆడుతున్నాయి. మెట్ల గురించి అనుకుంటాను. అమ్మ గొంతు అద్దం దాటి ఇక్కడిదాకా వస్తోంది, పిన్ని గొంతు కూడా వస్తోంది. పిన్నికి అంత గొంతు ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఇందాక కాపలా డిప్యూటీ వచ్చి వ్యాను తలుపు కొట్టాడు. తలుపులు మూసేసే వేళయిందట. "లోపల పోట్లాడుకుంటున్న ఆ పెద్దవాళ్ళిద్దరూ మీవాళ్ళేనా?" అని అడిగాడు.

కాదన్నాను.